థీసిస్‌కి డిజైన్ పేరు చివర్లో రాయండి

నా ఎండీ థీసిస్ గర్భిణుల్లో రక్తహీనత మీద. ఓపీకి వచ్చినవాళ్ల హిమోగ్లోబిన్ చూసి, 11 గ్రాముల లోపు ఉంటే రక్తహీనత అని రాసుకునేదాన్ని. టీ ఎన్నిసార్లు తాగుతారో కూడా అదే రోజు అడిగాను. లెక్కలు తేలాక చూస్తే, టీ తాగనివాళ్లలోనే రక్తహీనత ఎక్కువ! భోజనంతో టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదని చదివాను, ఇదేమో తిరగబడింది. వైవాలో ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు: "మొదటినుంచీ తాగరా, రక్తం తక్కువని తెలిశాక మానేశారా?" నోరు పెగల్లేదు. "నీకు రక్తం తక్కువుందమ్మా, టీ మానెయ్" అని ఏఎన్ఎం ముందే చెప్పి ఉండొచ్చని నాకు తట్టనే లేదు.

అందుకే పీజీలు "మేడమ్, క్రాస్ సెక్షనల్ చేస్తాను" (అంటే నాలాగే జబ్బునీ అలవాటునీ ఒకేసారి చూసే స్టడీ) అంటూ వస్తే, ముందు ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయమంటాను. "ఎంతమందికి ఉంది?" అన్నదే ప్రశ్న అయితే క్రాస్ సెక్షనల్ చాలు. "దీనివల్ల అది వస్తోందా?" అని రాశారంటే, ఏది ముందో ఏది వెనకో తేలే డిజైన్, అంటే స్టడీ చేసే పద్ధతి, కావాలి.

జబ్బు అరుదైనదైతే కేస్ కంట్రోల్: జబ్బు ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ తీసుకుని, వాళ్ల పాత అలవాట్లు పోల్చడం. 1950లో డాల్, హిల్ అనే బ్రిటన్ పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 709 మందినీ, లేని 709 మందినీ పోల్చారు. క్యాన్సర్ ఉన్న 649 మంది మగవాళ్లలో పొగ తాగనివాళ్లు ఇద్దరే, క్యాన్సర్ లేని మగవాళ్లలో 27 మంది. కంట్రోల్స్‌ని, అంటే పోల్చడానికి తీసుకున్న క్యాన్సర్ లేనివాళ్లని, ఆస్పత్రి రోగుల్లోంచే, అదే వయసు వర్గం, మగవాళ్లకి మగవాళ్లు, ఆడవాళ్లకి ఆడవాళ్లు అని చూసి తీసుకున్నారు. మీరు కంట్రోల్స్‌గా హాస్టల్ స్నేహితులని రాసుకుంటే గైడ్ సంతకం పెట్టినా నేను పెట్టను.

తర్వాత 1951లో వాళ్లే బ్రిటన్ డాక్టర్లకి ప్రశ్నపత్రాలు పంపి, జవాబిచ్చిన 40 వేలమందికి పైగా డాక్టర్లని ఏళ్ల తరబడి గమనించారు. అది కోహర్ట్. మీకు అంత టైమ్ లేదు, కానీ గర్భం తొమ్మిది నెలలే కదా. నేను అప్పుడు చేసి ఉండాల్సింది అదే: మూడో నెలలోపు వచ్చినవాళ్లలో రక్తహీనత లేనివాళ్లని తీసుకుని, టీ సంగతి అప్పుడే రాసుకుని, ఆరో నెలలో మళ్లీ రక్తం చూడటం. ఏడో నెల దాకా ఆగకండి, పుట్టింటికి వెళ్లిపోతారు. ఫోన్ చేస్తే అత్తగారు ఎత్తుతారు.

ట్రయల్ (మనమే కొందరికి మందిచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చడం) సరదా ఉంటే ఒకటే మాట: సగంమందికి ఐరన్ మాత్రలు ఆపి చూస్తానంటే ఎథిక్స్ కమిటీ గుమ్మం దాటనివ్వదు.

ఇక మనుషులు దొరుకుతారా లేదా చూడండి. క్రాస్ సెక్షనల్‌కి ఎంతమంది కావాలో చెప్పే సూత్రం 4పీక్యూ బై డీ స్క్వేర్: పీ అంటే జబ్బు ఉన్నవాళ్ల శాతం, క్యూ అంటే వందలో మిగతాది, డీ అంటే ఎంత శాతం అటూ ఇటూ అయినా పర్వాలేదో అది. జబ్బు 50 శాతం ఉంటుందనీ, 5 శాతం అటూ ఇటూ పర్వాలేదనీ అనుకుంటే 400 మంది. 20 శాతం అనుకుంటే 256. ఓపీ రిజిస్టర్ తెరిచి, పోయిన నెల కొత్త కేసులెన్నో వేలు పెట్టి లెక్కపెట్టండి. సిస్టర్‌ని అడిగితే "చాలామంది వస్తారు సార్" అంటుంది, అది లెక్క కాదు.