అటక మీది పాత బాణాలు దించే ముందు

గత ఆదివారం, విశాఖ శివార్లలోని పెందుర్తి అవతల మేము వారం వారం విల్లు పట్టే మామిడితోటలో, మా బృందంలోని ఒక కుర్రవాడి ఎడమ చేతిలో రెండు అంగుళాల చెక్క పేడు దిగింది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉండే మెత్తని కండలో ఒక పక్క దూరి, రెండో పక్క చర్మం కింద ఉబ్బెత్తుగా వచ్చి ఆగింది. ఆ బాణం అతని తాతగారిది. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న అయిదు బాణాలను దించి, నాలుగు సాయంత్రాలు ఓపికగా కూర్చుని, పాత ఈకలు తీసి కొత్తవి అంటించి, ఎర్రటి పట్టుదారం చుట్టి, రెండు పూతలు వార్నిష్ వేసి, పెళ్లికొడుకుల్లా ముస్తాబు చేసి తెచ్చాడు. మొదటి రెండూ బాగానే వెళ్లాయి. మూడోది నారి వదిలీ వదలకముందే నడిమికి విరిగింది. ముందు సగం గడ్డిలో పడింది. నారి తోసుకొస్తున్న వెనుక సగం మాత్రం చీలిన మొనతో సరాసరి విల్లు పట్టిన చేతిలోకి వెళ్లింది.

ఆ సాయంత్రం విరిగిన ముక్కలను వెలుతురులో పెట్టి చూశాను. అప్పుడే విరిగిన చోట చెక్క లేత పసుపు రంగులో ఉంది. దానిని ఆనుకొని అంగుళంన్నర మేర ముదురు గోధుమ రంగుకు తిరిగిన పాత పగులు ఉంది. ఆ పగులు లోపలికి వార్నిష్ ఇంకి, గట్టిపడి, మెరుస్తోంది. అంటే పూత వేసేనాటికే బీట ఉంది. కుంచె దాని మీదుగానే నడిచింది. నాలుగు సాయంత్రాల పనిలో ఆ కాడను ఒక్కసారి వంచి చూసి ఉంటే ఆ బాణం తోట దాకా వచ్చేదే కాదు.

దసరా దగ్గర పడుతోంది. ఆయుధపూజకని అటకల మీది విల్లంబులు దిగుతాయి, పూజ అయ్యాక చేతులు ఊరుకోవు. పాండవులు జమ్మిచెట్టు మీద ఏడాది పాటు దాచిన ఆయుధాలను అర్జునుడు దింపించి నేరుగా యుద్ధానికి వెళ్లాడు. ఆయనవి తరగని అమ్ములపొదులు, మనవి చెదలు పట్టే వెదురు కాడలు. విల్లు పట్టడం, గురి వెనుక మనుషులు లేకుండా చూసుకోవడం వంటివి చదువరులకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. పాత బాణాన్ని బాగుచేసి మళ్లీ వేయాలనుకునేవారు చేసే తప్పు ఒకటే ఉంది. నేను చూసిన గాయాల్లో ఎక్కువ భాగం, నా ఎడమ మణికట్టు మీది మచ్చతో సహా, ఆ తప్పు వల్లే వచ్చాయి. అది వంచి చూడకుండా ఎక్కుపెట్టడం.

విశాఖలో ఈ పరీక్ష మరీ అవసరం కావడానికి కారణాలు ఉన్నాయి. వేసవిలో అటక కొలిమిలా కాగుతుంది, జూన్ నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాల తేమ నడుస్తుంది. ఆ మధ్యలో చెక్క ఏటా ఉబ్బి, ఏటా కుంచించుకుపోతూ, పోగుల వెంట సన్నగా విడిపోతుంది. సముద్రపు ఉప్పుగాలికి ఇనుప ములికి, అంటే బాణం మొన, తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, కాడలోకి దిగిన ములికి తోక ఉబ్బి, వెదురును లోపలి నుంచే చీలుస్తుంది. పైన దారం కట్టు చెక్కుచెదరకుండా ఉంటుంది గనుక ఆ చీలిక కంటికి ఆనదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరం మీద పడినప్పుడు కిటికీలు పోయి సామాను తడిసిన ఇళ్లలో మీది కూడా ఒకటైతే, ఆనాడు నాని, తోచినట్టు ఆరిన బాణాలను ఇంకా ఎక్కువ అనుమానంతో చూడాలి.

పరీక్ష ఇలా చేయాలి. ముందుగా కాడ మీది పాత పూతను సన్నని ఉప్పుకాగితంతో తేలికగా తీసివేయాలి, ఎందుకంటే పూత ఉన్నంతసేపు పగులు దాగి ఉంటుంది. పాత రంగు ఉంటే తడిపి రుద్దాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. పాతకాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. తరువాత చిన్న దూదిపింజను కాడ చుట్టూ పట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగితే, పోగు లేచిన చోట దూది చిక్కుకుంటుంది. వెదురు అయితే తెల్ల కాగితం మీద నిలబెట్టి గోటితో తట్టాలి. సన్నని పిండి రాలితే లోపల పురుగు ఉందని అర్థం, ఇక ఆ కాడతో పని లేదు.

ఆపైన కళ్లద్దాలు, తోలు చేతితొడుగులు వేసుకొని, బాణాన్ని ముఖానికీ పొట్టకూ దూరంగా చాచి పట్టుకొని, రెండు కొసలనూ పట్టి నడుము ఒక అంగుళం నుంచి అంగుళంన్నర దాకా వంగేలా మెల్లగా వంచాలి. పావు చుట్టు తిప్పి మళ్లీ వంచాలి, అలా నాలుగు వైపులా చేయాలి. ఈ పనిలో కన్ను కంటే చెవి ముఖ్యం. ఎండు చింతకాయ పెచ్చు నలిగినంత చిన్న చప్పుడు వినిపించినా, ఒక వైపు మిగతా వైపుల కంటే సులువుగా వంగినా, ఆ బాణం గోడకు వేలాడదీయడానికే పనికొస్తుంది. పాడేరు వైపు ఒక సంతలో ఒక పెద్దాయన అంబును చేతిలోకి తీసుకోగానే, ఈకలను గానీ ములికిని గానీ చూడకుండా, ముందు వంచి చెవి దగ్గర పెట్టుకోవడం చూశాను. ఆయన చెవి ఆయన ఇష్టం, మీరు మాత్రం దూరంగానే పట్టుకోండి. ములికికి రెండు అంగుళాల వెనుక, నారి గాడికి (నారి కూర్చునే వెనుక కొస గంటుకు) రెండు అంగుళాల ముందు ప్రత్యేకంగా వంచి చూడాలి. ఈ పరీక్ష ఈకలు పీకే ముందు ఒకసారి, పూత తీశాక ఒకసారి, వేసే రోజు ఉదయం ఒకసారి జరగాలి. కొత్త ఈకలు బాణాన్ని తిన్నగా నడిపిస్తాయి గానీ, కాడకు రవ్వంత బలం కూడా ఇవ్వవు.

కాడ బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, విషయంలో ఇంకొక మోసం ఉంది. శుభ్రం చేసే ఉత్సాహంలో కాడను గీకి గీకి సన్నం చేస్తారు. గుండ్రని కాడ బిగువు దాని మందానికి నాలుగో ఘాతంలో ఉంటుంది కాబట్టి, 8 మిల్లీమీటర్ల కాడ 7.7కు తగ్గితే చేతికి తేడా తెలియదు గానీ బిగువులో ఏడో వంతు పోతుంది. అందువల్ల గీకిన తరువాత కొలవాలి. 26 అంగుళాల ఎడంలో రెండు మేకుల మీద కాడను ఆనించి, నడిమిన 2 పౌండ్లు, అంటే సుమారు 907 గ్రాముల బరువు వేలాడదీసి, ఎన్ని అంగుళాలు కుంగిందో చూసి, 26ను ఆ సంఖ్యతో భాగించాలి. అర అంగుళం కుంగితే 52 పౌండ్ల కాడ అన్నమాట. 28 అంగుళాల బాణానికి ఇది మీ విల్లు లాగుడు బరువుకు, అంటే నారిని పూర్తిగా లాగడానికి పట్టే బలానికి, దగ్గరగా ఉండాలి. ఆపై పొడవు పెరిగే ప్రతి అంగుళానికీ మరో 5 పౌండ్ల బిగువు కావాలి. తాతగారి బాణం తాతగారి విల్లుకు సరిపోయేది, నిన్న కొన్న 50 పౌండ్ల విల్లుకు సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

నారి గాడి చెక్క వలయాల గీతలను అడ్డంగా కోస్తూ ఉండాలి. గీతల వెంటే గాడి ఉంటే నారి గొడ్డలిలా పనిచేసి కాడను నిలువునా చీలుస్తుంది. అప్పుడు బాణం లేకుండా నారి వదిలినట్టే అయి విల్లు కూడా పోవచ్చు. వెదురుకు గాడి కింద కణుపు ఉండాలి, దాని కింద దారం కట్టు బిగువుగా ఉండాలి. కొత్త గాడి కోసేటప్పుడు ఇంకొకటి గమనించాలి. చెక్క కాడ మీద పోగులు బయటికి తేలిన చోట మొనల వంటి ఆకారాలు కనిపిస్తాయి. బాణం విల్లు మీద కూర్చున్నప్పుడు పై వైపున ఉన్న ఆ మొనలు ములికి వైపు చూడాలి. అలా ఉంటే, విరిగినా వెనుక ముక్క పైకి లేచి పోతుంది. తిరగబడి ఉంటే కిందికి, చేతిలోకి దిగుతుంది.

ఇక పింజ, అంటే ఈకలు కట్టే భాగం. పాత ఈకను కత్తిమొనతో తవ్వకుండా మొద్దు అంచుతో గీకి తీయాలి, ఎందుకంటే చెక్కకు పడిన చిన్న గాటే రేపటి విరుగుడుకు మొదలు. తోలు జిగురుతో అంటించినవైతే గోరువెచ్చని తడిగుడ్డ చాలు. టర్కీ కోడి ఈకలు మేలు, పెంపుడు బాతువి కూడా పనికొస్తాయి. ఒక బాణానికి మూడూ కుడి రెక్కవో, మూడూ ఎడమ రెక్కవో కావాలి. కలిపితే బాణం తిన్నగా పోదు. వాటి మధ్య 120 డిగ్రీల ఎడం ఉండాలి, ఒక ఈక గాడికి లంబంగా, విల్లుకు బయటి వైపు రావాలి. అందరూ వదిలేసేది ఈక ముందు కొస. ఆ కొసన ఈనె ఏమాత్రం లేచి ఉన్నా, బాణాన్ని విల్లు పట్టిన చేతి మీదే ఆనించి వేసేవారి వేలి కణుపు దగ్గర సూదిలా గుచ్చుకొని లోపలికి పోతుంది. దానిని పలచగా చెక్కి, పట్టుదారం చుట్టి, జిగురుతో మూసివేయాలి. వేలితో వెనక్కీ ముందుకూ నిమిరినప్పుడు ఏదీ తగలకూడదు.

మిగిలినవి వరుసగా చెబుతాను.

ముసురు పట్టిన రోజున వార్నిష్ వేయవద్దు, పూత తెల్లగా పాలిపోతుంది, లోపల ఆరదు.

డాబా మీద ఎండలో ఆరబెట్టవద్దు. ఒక వైపే ఆరి కాడ వంగుతుంది.

గోడకు ఏటవాలుగా ఆనించి దాచవద్దు.

ములికి మీద నల్లని పెచ్చు కట్టి ఉంటే గోటితో గీకవద్దు, పూర్వం ఏం పూశారో మీకు తెలియదు.

ములికి కాడలో ఉండగా మంట మీద పెట్టవద్దు. దాని వెనుక చెక్క మాడితే బలం అక్కడే చస్తుంది.

పాత జిగురు, పూత తుడిచే అసిటోన్ సీసా తెరిచిన గదిలో దీపం, అగరొత్తి, గ్యాస్ పొయ్యి ఉండకూడదు. పూజ గదిలో కూర్చుని ఈ పని చేసినవారిని చూశాను.

గద్ద ఈకలు, డేగ ఈకలు దొరికాయని కట్టవద్దు. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోని పక్షులు.

పగులును సూపర్ గ్లూతో అతికించి వేయవద్దు. దారం చుట్టి వేయవద్దు. "ఒక్కసారే కదా" అని వేయవద్దు.

కాంపౌండ్ విల్లుతో, అంటే కొసల్లో కప్పీలు ఉండే విల్లుతో, చెక్క బాణం వేయవద్దు.

బాగుచేసిన బాణం మొదటి అయిదు సార్లు తక్కువ బరువు విల్లుతో, అయిదు మీటర్ల దూరం నుంచి, విల్లు పట్టిన చేతికి తోలు తొడుగు వేసుకొని వేయాలి.

రాయికో, చెట్టుకో, గురి దిమ్మె చట్రానికో తగిలిన బాణాన్ని మళ్లీ వంచి చూడకుండా ఎక్కుపెట్టవద్దు. గురికి తగిలిన బాణాన్ని కూడా వంచి చూడాలి. నిన్న వంచి చూశాను అనే మాట ఇవాళ చెల్లదు.

పిల్లలకు ఇచ్చే ముందు మీరే వంచి చూడాలి. పిల్లవాడు "నేను చూశాను బాబాయ్" అంటే నమ్మవద్దు. ఆ ఆదివారం నేను నమ్మాను.

అయినా విరిగి పేడు దిగితే, పీకవద్దు. కదలకుండా పైన శుభ్రమైన గుడ్డ వదులుగా చుట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి అడగాలి. చెక్క ముక్క ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు కాబట్టి, అది చెక్క అనీ, పాత బాణమనీ, వార్నిష్ పూత ఉందనీ డాక్టరుకు ముందే చెప్పాలి. అవసరమైతే అల్ట్రాసౌండ్ తీస్తారు. బయలుదేరే ముందు ఎవరినైనా గడ్డిలో వెతకమని చెప్పి, విరిగిన ముక్కలన్నీ ఏరి ఒక సంచిలో వేసుకొని వెంట తీసుకువెళ్లండి. వాటిని బల్ల మీద కొసకు కొస చేర్చి పేరిస్తే, ఎంత ముక్క తక్కువైందో, అంటే చేతిలో ఇంకా ఎంత ఉందో తెలుస్తుంది.