ఫ్యూరా-2 ఎక్కించాక అరగంట ఆగండి
మెదడు కణాల కల్చర్‌లో కాల్షియం హెచ్చుతగ్గులను ఫ్యూరా-2 ఏఎంతో (కాల్షియాన్ని పట్టుకునే ఫ్యూరా-2 అనే మెరిసే రంగుకు, కణంలోకి వెళ్లేలా ఏఎం ఎస్టర్ సమూహాలు తగిలించిన రూపం) చూసేవారు, రంగు ఎక్కించి కడిగిన వెంటనే రికార్డింగ్ మొదలుపెట్టకుండా, చీకట్లో 20 నుంచి 30 నిమిషాలు ఆగడం ఎంతో అవసరం. కణంలోని ఎస్టరేజ్ ఎంజైములు ఏఎం సమూహాలను పూర్తిగా తొలగించాకే ఫ్యూరా-2 కాల్షియాన్ని సరిగ్గా పట్టుకోగలదు. మిగిలిపోయిన ఏఎం రూపం కాల్షియంతో నిమిత్తం లేకుండా వెలుగుతూ, కాల్షియాన్ని అంచనా వేయడానికి 340, 380 నానోమీటర్ల కాంతులతో తీసే నిష్పత్తిని తారుమారు చేస్తుంది. 37 డిగ్రీల వద్ద ఎక్కువసేపు ఎక్కిస్తే రంగు కణంలోని చిన్న అంగాల్లోకి చేరే ప్రమాదం ఉంది కాబట్టి, కణమంతా సమంగా కాక చుక్కలు చుక్కలుగా మెరిస్తే ఆ డిష్‌ను నేనైతే పక్కన పెడతాను. డీఎంఎస్‌ఓ (రంగును కరిగించే ద్రావకం) తేమను పీల్చుకుంటుంది, ఆ తేమకు ఏఎం ఎస్టర్ విడిపోతుంది. అందుకే ఫ్రీజర్‌లోని స్టాక్ ద్రావణం గది ఉష్ణోగ్రతకు వచ్చాకే మూత తీయాలి.