సభ బలం లెక్క – నాలుగో పాఠం: ఖాళీ సీటుకూ ఒక వరస

పోయిన పాఠంలో 2019 లోక్‌సభ పార్టీల బలాలు కూడి మొత్తం రాయమంటే మూడు రకాల జవాబులు వచ్చాయి: 542, 543, 545. ఈసారి కూటముల లెక్క మొదలుపెట్టాల్సింది, దాన్ని ఐదో పాఠానికి జరుపుతున్నాను. ఈ మూడు అంకెల సంగతి తేలకుండా ముందుకు పోతే మీ పట్టిక ఎప్పటికీ కుదరదు.

542 రాసినవాళ్లు కూడికలో తప్పలేదు. మే 23న లెక్కించినవి 542 సీట్లే. మన చిత్తూరు పక్కనే ఉన్న వేలూరులో భారీగా డబ్బు పట్టుబడి, పోలింగుకు రెండు రోజుల ముందు ఎన్నిక రద్దయింది. ఆగస్టు 5న మళ్లీ పోలింగు పెడితే డీఎంకే గెలిచింది. అంటే డీఎంకే బలం మేలో 23, ఆగస్టులో 24. 543 రాసినవాళ్లు ఆగస్టు తర్వాతి జాబితా చూశారు. 545 రాసినవాళ్లు పాత పుస్తకం తెరిచారు. నామినేట్ అయ్యే ఇద్దరు ఆంగ్లో ఇండియన్లను కలిపిన సంఖ్య అది. రాజ్యాంగ 104వ సవరణతో 2020 జనవరి 25 నుంచి ఆ ఏర్పాటే పోయింది. 2019 సభలో ఆ రెండు సీట్లనూ అసలు నింపలేదు.

ముగ్గురిలో ఏ ఒక్కరూ అంకె పక్కన తేదీ వేయలేదు. ఈ పాఠమంతా దాని గురించే.

పద్దు పుస్తకంలా ఆరు గళ్లు గీయండి: తేదీ, సీటు, పార్టీ, కారణం, పెరిగిందా తగ్గిందా, ఆ రోజు నిల్వ (అంటే ఆనాటికి ఆ పార్టీకి మిగిలిన సీట్లు). కంప్యూటర్‌లో చేసేవాళ్లు చేసుకోవచ్చు. నేనైతే మొదటి పట్టిక పెన్నుతో కాగితం మీద రాయమంటాను. పాత అంకె చెరిపి కొత్తది పెట్టే అలవాటు అప్పుడే పోతుంది. ఎంపీ చనిపోయినా, రాజీనామా ఆమోదం పొందినా, అనర్హుడైనా ఆ రోజు తేదీతో ఒక వరస. ఉప ఎన్నిక ఫలితం వచ్చిన రోజు ఇంకో వరస. ఈ రెంటినీ కలిపి ఒక్కటి చేయకండి. ఏ రోజు చూసినా పార్టీల నిల్వలు, స్వతంత్రులు, ఖాళీలు కూడితే 543 రావాలి.

తిరుపతితో చూడండి. 2019లో వైసీపీ 22. తిరుపతి ఎంపీ బల్లి దుర్గాప్రసాద్ 2020 సెప్టెంబరు 16న మరణించారు: 21. ఉప ఎన్నిక పోలింగు 2021 ఏప్రిల్ 17న, ఫలితం మే 2న, గెలిచింది మళ్లీ వైసీపీయే: 22. 'అదే పార్టీ కదా, మార్పేముంది' అని చాలామంది ఈ రెండు వరసలూ వదిలేశారు. ఏడున్నర నెలలు తిరుపతికి లోక్‌సభలో ఓటు లేదు. మార్పు అదే.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టే తప్పు. 2014లో వైసీపీ 9, 2019లో 22 అని రాసి మధ్యలో ఒక గీత లాగేస్తున్నారు. ఆ గీత కింద ఏం జరిగిందో చూడండి. గెలిచిన తొమ్మిది మందిలో నలుగురు ఐదేళ్లు గడవకముందే పక్కకు జరిగారు, కొందరు టీడీపీలోకి, ఒకరు టీఆర్ఎస్‌లోకి. అయినా స్పీకర్ అనర్హుడని తేల్చేదాకా సభ రికార్డులో గెలిచిన పార్టీ పేరే ఉంటుంది. మిగిలిన ఐదుగురు ప్రత్యేక హోదా కోసం 2018 ఏప్రిల్ 6న రాజీనామా చేశారు. అందులో తిరుపతి, రాజంపేట ఎంపీలూ ఉన్నారు. ఇప్పుడు నిల్వ ఎంత? ఏప్రిల్ 6న 9. లేఖ ఇవ్వగానే సీటు ఖాళీ కాదు, ఆమోదం కావాలి. అది జూన్ 20 నుంచి అమలైంది. ఆ రోజున 4. ఆ నలుగురూ పార్టీ విడిచినవాళ్లే. రికార్డులో నాలుగు, పార్టీ మాట వినేవాళ్లు సున్నా. అందుకే ఇలాంటి చోట నిల్వ గడిని రెండుగా చీల్చండి: 'రికార్డు', 'వెంట ఉన్నవాళ్లు'.

ఆ తేదీతో ఇంకో పని కూడా ఉంది. ఖాళీ ఏర్పడిన ఆరు నెలల్లో ఉప ఎన్నిక జరపాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఏ సెక్షన్ చెబుతుంది. సభ గడువు ఏడాదిలోపే మిగిలితే ఆ నియమం వర్తించదు. ఆ సభ గడువు 2019 జూన్ 3. జూన్ 20 నుంచి లెక్కిస్తే ఏడాదికి 17 రోజులు తక్కువ. ఉప ఎన్నికలు రాలేదు. జూన్ 3కు ముందే ఆమోదం పడి ఉంటే ఈ మినహాయింపు వర్తించేది కాదు. నెల రోజులకే, జూలై 20న, టీడీపీ పెట్టిన అవిశ్వాసం ఓటింగుకు వచ్చింది: అనుకూలం 126, వ్యతిరేకం 325. ఓటేసింది 451 మంది, అంటే ఆ రోజు సగం దాటడానికి 226 చాలు. 272 అనేది సభ నిండుగా ఉండి, అందరూ ఓటేసినప్పటి అంకె. దాన్ని ప్రతి ఓటింగుకూ అంటించకండి.

2024 కాంగ్రెస్ లెక్క త్వరగా: జూన్ 4న 99 సీట్లు, కానీ మనుషులు 98 మందే, రాహుల్ గాంధీ రెండుచోట్ల గెలిచారు. వయనాడ్ వదిలాక 98. నాందేడ్ ఎంపీ ఆగస్టులో మరణించాక 97. నవంబరు 23న రెండూ మళ్లీ గెలిచి 99. కొందరు 100 రాశారు. సాంగ్లీలో స్వతంత్రుడిగా గెలిచిన ఎంపీ మద్దతు లేఖ ఇవ్వడమే దానికి కారణం. మద్దతు లేఖతో సభ్యుడి పార్టీ మారదు. ఆయన్ని స్వతంత్రుల గడిలోనే ఉంచండి.

పేరు చూసి పార్టీ రాయొద్దు. తిరుపతిలో చింతా మోహన్ 1984లో టీడీపీ, 1989లో కాంగ్రెస్. జిల్లా చూసి సీటు రాయొద్దు. చంద్రగిరి ఉన్నది తిరుపతి జిల్లాలో, ఓటు పడేది చిత్తూరు లోక్‌సభ సీటుకు. పుంగనూరు రాజంపేట కిందికి వస్తుంది.

అభ్యాసం: తిరుపతి, చిత్తూరు, రాజంపేట సీట్లకు 1984 నుంచి 2024 దాకా పద్దు రాయండి. పదకొండు సాధారణ ఎన్నికలు, 33 ఫలితాల వరసలు. వాటి మధ్య ఖాళీల వరసలు మీరే వెతికి చేర్చాలి. 2018లో రెండు, 2020లో ఒకటి పైన ఇచ్చేశాను. ఫలితాలకు ఎన్నికల సంఘం గణాంక నివేదికలు చూడండి. లోక్‌సభ వెబ్‌సైటులో పార్టీలవారీ జాబితా చూస్తే, చూసిన రోజు తేదీ పక్కన రాసుకోండి, అది ఆనాటి బలం మాత్రమే.