బృందగాన కచేరీకి పన్నెండు వారాల సన్నాహం

వారానికొకసారి కలుసుకునే ఔత్సాహిక గాయకుల బృందం ఋతువుకొక కచేరీ ఇవ్వదలచుకున్నప్పుడు మొదట తేల్చుకోవలసినది పాటల జాబితా కాదు, చేతిలో ఉన్న గంటల లెక్క. కచేరీకి 12 వారాల వ్యవధి ఉండి, వారానికి రెండు గంటల చొప్పున సాధన జరిగితే మొత్తం 24 గంటలు వస్తాయి. చివరి రెండు వారాలను వేదిక మీది సాధనకు వదిలేసి, మిగిలిన పది సమావేశాల్లో గొంతు సవరించుకోవడానికి పావుగంట చొప్పున తీసివేస్తే పదిహేడున్నర గంటలే మిగులుతాయి. పన్నెండు పాటలు ఎంచుకుంటే ఒక్కొక్క పాటకు గంటన్నర కూడా దక్కదన్నమాట. సోప్రానో, ఆల్టో (స్త్రీల పై, కింది స్థాయి గొంతులు), టెనార్, బాస్ (పురుషుల పై, కింది స్థాయి గొంతులు) అనే నాలుగు స్వరభాగాల వారూ ఆ కొద్ది సమయంలోనే తమ తమ వరుసలు నేర్చుకొని, ఆపైన అందరూ కలిపి పాడాలి. అందువల్ల కనీసం సగం పాటలు గత కచేరీల్లో పాడినవే ఉండాలని నా అభిప్రాయం. ఒక ఏడాది మేము ఉత్సాహం కొద్దీ పదహారు కొత్త పాటలు పెట్టుకొని, ప్రదర్శన నాడు కాగితాల్లో తలలు దూర్చి పాడాము. చేతి సైగలతో పాట నడిపించే సంచాలకుడి చేతిని చూసినవారు ముందు వరుసలో ఇద్దరో ముగ్గురో ఉంటారు.

నేర్చుకునే క్రమం కచేరీ క్రమాన్ని అనుసరించనక్కరలేదు. అన్నిటికంటే కష్టమైన పాటను మొదటి వారమే మొదలుపెట్టాలి. అందులోనూ చివరి చరణం నుంచి వెనక్కు నేర్చుకుంటూ రావడం మంచిది. ఎప్పుడూ మొదటి నుంచే ఎత్తుకుంటే పల్లవి అరిగిపోతుందే తప్ప ముగింపు పచ్చిగానే ఉండిపోతుంది.

వినేవారికి బృందం పస తెలిసేది పంక్తి ముగిసే చోట. తెలుగు పదాలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి గనుక ఎక్కడ ఆపాలో చెప్పే హల్లు ఉండదు. ముప్పై మంది తలా ఒక చోట ఆపితే స్వరం చిరిగిన గుడ్డ అంచులా వేలాడుతుంది. సున్నాతో ముగిసే మాటలది మరొక చిక్కు. ‘ఉదయం’ అన్న మాట దగ్గర చివరి స్వరం నాలుగు మాత్రలు సాగుతుందనుకుందాం. కొందరు మొదటి మాత్రకే పెదవులు మూసేస్తే ధ్వని అక్కడికక్కడే కుంగిపోతుంది. అకారాన్ని మూడున్నర మాత్రల పాటు విప్పిన నోటితో నిలిపి, ఆ తరువాతనే అందరూ ఒక్కసారిగా పెదవులు కలపాలని నిర్ణయించుకొని, ఆ చోటును కాగితం మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. నోటిమాటగా చెప్పినది వచ్చే వారానికి ఎవరికీ గుర్తుండదు.

పొడవైన పంక్తుల్లో ఊపిరిని దొంగిలించడం నేర్చుకోవాలి. పక్కపక్కనున్న ఇద్దరు ఒకే చోట ఊపిరి తీయకూడదు. అందరికీ తోచే చోటు పంక్తి చివర కనుక అక్కడ అసలే తీయకూడదు. సాగుతున్న అచ్చు మధ్యలో మెల్లగా తప్పుకొని, ఊపిరి నింపుకొని, అంతకంటే మెల్లగా వచ్చి కలవాలి.

వాద్యం లేకుండా పాడేటప్పుడు శ్రుతి దిగజారడం అన్ని బృందాలకూ ఉన్న బెడద. ఎక్కే స్వరాల మధ్య దూరాన్ని తగ్గించి, దిగే స్వరాల మధ్య దూరాన్ని పెంచి పాడే అలవాటు ఇందుకు ముఖ్యమైన కారణం. ఒకే స్వరం పదేపదే వచ్చే చోట అలసట కూడా తోడవుతుంది. 440 హెర్ట్జ్ శ్రుతిదండం దగ్గర పెట్టుకొని, పాట ముగిశాక ఎంత దిగామో ప్రతిసారీ చూసుకోవాలి. ఏ పంక్తిలో జారామో తెలియాలంటే సాధనను ఫోనులో రికార్డు చేసి వినక తప్పదు. ఆ వినికిడి కొంత మనసు కష్టపెడుతుంది గాని, తప్పు పట్టుబడుతుంది.

చివరి రెండు సాధనలు కచేరీ జరిగే మందిరంలోనే జరగాలి. ఖాళీ మందిరంలో ధ్వని మారుమ్రోగుతుంది. జనం నిండాక వారి దుస్తులూ శరీరాలూ దానిని పీల్చుకుంటాయి కనుక ఆ రోజు మన గొంతు మనకే పలుచగా వినిపిస్తుంది. దానికి బెదిరి అరవకూడదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది కాబట్టి, వేదిక ఆ చివరనున్న పియానో మోత పది మీటర్ల దూరంలో ఉన్నవారికి సెకనులో ముప్పయ్యో వంతు ఆలస్యంగా చేరుతుంది. చెవిని నమ్మి పాడే వరుస ఆ మేరకు వెనుకబడుతుంది. తాళానికి సంచాలకుడి చేతినే నమ్మాలి. వేదిక ఎక్కడం, దిగడం, కాగితాల అట్టను ఏ చేత పట్టుకోవాలన్నది కూడా అప్పుడే అలవాటు చేసుకోవాలి.

కచేరీ నాడు నీళ్ళు ఉదయం నుంచే తాగుతూ ఉండాలి, ఎందుకంటే మింగిన నీరు స్వరతంత్రులను నేరుగా తాకదు. వేదిక ఎక్కబోతూ తాగిన గుక్క నోటి తడికి మాత్రమే పనికొస్తుంది. చివరి పాట ముగిశాక సంచాలకుడి చేయి కిందికి దిగేవరకు ఎవరూ కాగితం ముడవకూడదు, కాలు కదపకూడదు. దీన్ని కూడా రెండు మూడుసార్లు సాధన చేయించాలి.