ఇంగ్లండ్‌లో డైరెక్ట్ పేమెంట్‌తో పర్సనల్ అసిస్టెంట్: దరఖాస్తు నుంచి శిక్షణ దాకా

వయసు మీద పడినవారికి, వైకల్యం ఉన్నవారికి ఇంట్లో స్నానం, వంట, బయటికి వెళ్లిరావడం వంటి పనుల్లో సాయం కావాలంటే ఇంగ్లండ్‌లో ప్రధానంగా రెండు దారులున్నాయి. కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) కుదిర్చిన ఏజెన్సీ మనిషి రావడం ఒకటి. ఆ సాయానికి కౌన్సిల్ ఇచ్చే డబ్బు మనమే తీసుకుని, మనకు నచ్చిన మనిషిని పెట్టుకోవడం రెండోది. ఆ డబ్బే డైరెక్ట్ పేమెంట్, ఆ మనిషే పర్సనల్ అసిస్టెంట్. అమ్మతో తెలుగులో మాట్లాడి, ఆమె తినే చారన్నం పెట్టగల మనిషి కావాలంటే రెండో దారే మేలు. అయితే ఆ రోజు నుంచి మీరు చట్టప్రకారం యజమాని అవుతారు.

ముందుగా కౌన్సిల్ అడల్ట్ సోషల్ కేర్ విభాగాన్ని కేర్ నీడ్స్ అసెస్‌మెంట్ (ఏ సాయం ఎంత కావాలో చూసే పరిశీలన) అడగండి. ఫోన్ చేసినా సరే, ఆన్‌లైన్‌లో అడిగినా సరే. కేర్ యాక్ట్ 2014 ప్రకారం సాయం అవసరమని కనిపించే ఏ వయోజనులకైనా, ఆస్తితో నిమిత్తం లేకుండా, దీన్ని ఉచితంగా చేయాలి. ఇంగ్లీషు రాకపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే చెప్పండి. అసెస్‌మెంట్‌కి మనిషి వచ్చినప్పుడు మన పెద్దవాళ్లు మొహమాటంతో "నాకేం ఇబ్బంది లేదు, అన్నీ నేనే చేసుకుంటా" అంటారు. మనకు ఇచ్చే సాయం గంటలు తగ్గిపోయేది అక్కడే. బాగా కష్టంగా గడిచిన రోజు ఎలా ఉంటుందో దాచకుండా చెప్పాలి. ఇంట్లో చూసుకునే కొడుకుకో కోడలికో విడిగా కేరర్స్ అసెస్‌మెంట్ (చూసుకునేవారికి ఏ సాయం కావాలో చూసే పరిశీలన) అడిగే హక్కు కూడా ఉంది.

తర్వాత ఆర్థిక పరిశీలన. పొదుపు 23,250 పౌండ్లు దాటితే సాధారణంగా ఖర్చు మీదే. ఇంట్లోనే సాయం తీసుకుంటున్నప్పుడు ఉంటున్న ఇంటి విలువను లెక్కలోకి తీసుకోరు, ఆ భయం అక్కర్లేదు. అర్హత తేలాక ఏ సాయం ఎలా అందాలో చెప్పే కేర్ ప్లాన్ రాసేటప్పుడు "మాకు డైరెక్ట్ పేమెంట్ కావాలి" అని స్పష్టంగా అడగండి. డబ్బు వ్యవహారం స్వయంగా చూసుకోలేనివారి తరఫున మరొకరు చూసుకునే ఏర్పాటు ఉంది. ఒకే ఇంట్లో ఉండే భార్యాభర్తలకు, దగ్గరి బంధువులకు ఈ డబ్బుతో జీతం ఇవ్వడానికి మామూలుగా ఒప్పుకోరు. కౌన్సిల్ తప్పనిసరి అనుకుంటేనే మినహాయింపు.

డైరెక్ట్ పేమెంట్‌కు సంతకం పెట్టే ముందు, కౌన్సిల్ ఇస్తానన్న మొత్తాన్ని ఒకసారి లెక్క చూసుకోండి. గంట జీతం ఒక్కటే వేసి ఊరుకుంటే చాలదు. జీతంతో కూడిన సెలవులు (ఏడాదికి 5.6 వారాలు), ఇన్సూరెన్స్, పేరోల్ (జీతం, పన్ను లెక్కలు చూసే పని) ఖర్చు, అవసరమైతే పెన్షన్ కూడా అందులో ఇమడాలి. ఇమడకపోతే అప్పుడే అడగాలి.

మనిషిని తీసుకునేటప్పుడు పని మొదలుకాకముందే ఇక్కడ పనిచేసే హక్కు ఉందో లేదో చూడాలి. వీసా మీద ఉన్నవారైతే వారి పని హక్కును ఆన్‌లైన్‌లో చూపే షేర్ కోడ్ తీసుకుని ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సరిచూసి, ఆ కాపీ దాచుకోండి. డిగ్రీ, మాస్టర్స్ చదివే మన విద్యార్థులు చాలామంది ఈ పనికి వస్తారు. సాధారణంగా కాలేజీ జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే వారి పరిమితి, అదీ అన్ని ఉద్యోగాలూ కలిపి. వాళ్ల వీసా పోయే పరిస్థితి మన ఇంటి నుంచి రాకూడదు. ఊరి నుంచి ఎవరినైనా రప్పిద్దామంటే కుదరదు. కుటుంబాలు వర్క్ వీసాకు స్పాన్సర్ చేయలేవు, పైగా 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను రప్పించడమే ఆగిపోయింది.

మొదటి రోజే ఉద్యోగ షరతులు రాతపూర్వకంగా ఇవ్వాలి. కనీసం 50 లక్షల పౌండ్ల ఎంప్లాయర్స్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (పనివల్ల అసిస్టెంట్‌కు దెబ్బ తగిలినా, జబ్బు చేసినా పరిహారానికి) తప్పనిసరి. హెచ్‌ఎంఆర్‌సీలో (పన్నుల శాఖలో) యజమానిగా నమోదు, పేస్లిప్పులు, పన్ను కోత అంటే చాలామందికి టెన్షన్. పేరోల్ సర్వీసుకు అప్పగిస్తే ఆ పని వాళ్లే చూస్తారు. యజమాని కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం మీద కట్టే ప్రభుత్వ చందా) తగ్గించే ఎంప్లాయ్‌మెంట్ అలవెన్స్ క్లెయిమ్ చేయమని మాత్రం గుర్తుచేయండి. 2025 ఏప్రిల్ నుంచి అది ఏడాదికి 10,500 పౌండ్లు, కాబట్టి చాలా ఇళ్లలో ఆ చందా సున్నాకి వస్తుంది. "సెల్ఫ్ ఎంప్లాయ్డ్ అని రాసుకుందాం, గొడవ ఉండదు" అనే సలహా వినకండి. వేళలు, పనులు మీరే నిర్ణయిస్తుంటే కాగితం మీద ఏం రాసినా ఆ మనిషి సాధారణంగా మీ ఉద్యోగే.

ఇక శిక్షణ. నన్నడిగితే కుటుంబాలు ఎక్కువగా వదులుకునేది ఇదే. మనిషిని మంచం మీద నుంచి లేపడం, హాయిస్ట్ (మనిషిని ఎత్తే యంత్రం) వాడటం, మందులివ్వడం, ఫిట్స్ వస్తే ఏం చేయాలో తెలియడం మంచితనంతో వచ్చేవి కావు, నేర్పాలి. తప్పుగా లేపితే ఇద్దరి నడుమూ పోతుంది. ఈ శిక్షణకు, కేర్ రంగంలో పనిచేసేవారి నైపుణ్యాలు పెంచే స్కిల్స్ ఫర్ కేర్ సంస్థ సొంతంగా పర్సనల్ అసిస్టెంట్‌ను పెట్టుకున్నవారికి నిధులు ఇస్తుంది. డైరెక్ట్ పేమెంట్‌తో పెట్టుకున్నా, సొంత డబ్బుతో పెట్టుకున్నా అడగవచ్చు. కోర్సు ఫీజుతో పాటు ప్రయాణ ఖర్చు, అసిస్టెంట్ కోర్సుకి వెళ్లిన గంటల్లో వచ్చే బదులు మనిషి జీతం కూడా అందులో కోరవచ్చు. యజమానిగా మీరు నేర్చుకునే కోర్సులకూ వర్తిస్తుంది. శిక్షణ సంస్థ నుంచి ధర రాయించుకుని, ఎవరికి ఏ కోర్సు ఎందుకు కావాలో దరఖాస్తులో రాసి పంపండి. ఆమోదం వచ్చాకే బుక్ చేసుకోవడం మంచిది. నిధులు పరిమితం కాబట్టి ఆర్థిక సంవత్సరం మొదట్లోనే, అంటే ఏప్రిల్ తర్వాత వీలైనంత త్వరగా అడగండి.