పాత కార్ల వైరింగ్ జాయింట్లు: ఉప్పుగాలికి చెడకుండా వేసుకోవడం ఎలా?

సముద్రపు ఒడ్డున మైపాడు, కొత్తపట్నం వైపు తిరిగే పాత అంబాసిడర్లలో, పద్మినీల్లో హెడ్‌లైట్లు మసకగా వెలిగితే అందరూ ముందు బల్బునే మారుస్తారు. చాలాసార్లు తప్పు జాయింటుది. 55 వాట్ల బల్బులు రెండు వెలిగితే సుమారు 9 ఆంపియర్ల కరెంటు లాగుతాయి. దారిలో ఒక్క జాయింటు 0.1 ఓమ్ అడ్డుపడినా అక్కడ 0.9 వోల్టు పోతుంది, 8 వాట్ల వేడి పుడుతుంది. కనెక్టర్ ప్లాస్టిక్ రంగు మారి కరిగేది ఆ వేడికే.

ముందు మల్టీమీటరుతో వెతకండి. లైట్లు వెలుగుతుండగా ఒక ప్రోబు బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది బల్బుకు కరెంటు వచ్చే పిన్ను మీద పెట్టండి. 0.5 వోల్టు దాటితే స్విచ్, ఫ్యూజ్ బాక్స్, కనెక్టర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ రావాలి. తర్వాత బ్యాటరీ ఎర్త్ (నెగటివ్) పోస్టుకూ బల్బు ఎర్త్ పిన్నుకూ మధ్య చూడండి. అక్కడ 0.2 దాటకూడదు. ఈ రెండోది చూడకుండా వైర్లన్నీ మార్చేసి డబ్బు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఎర్త్ దగ్గర పెయింటు మీదే బోల్టు బిగించి ఉంటే అది ఎర్త్ కాదు. బ్యాటరీ ఎర్త్ కేబుల్ తీసేసి, ఆ చోటు రూపాయి బిళ్లంత మేర ఎమరీ పేపరుతో తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకండి. లగ్గు (వైరు కొసకు నొక్కి బిగించే లోహపు ముక్క), పళ్ల వాషరు వేసి బిగించాక పైన వ్యాజిలిన్ పూయండి.

వైరు కొస కోసినప్పుడు రాగి పోగులు నల్లగానో, పచ్చగా చిలుము పట్టో ఉంటే ఇంకో అంగుళం కోయండి, మెరిసే రాగి వచ్చేదాకా. నల్లబడ్డ రాగికి సోల్డర్ (కరిగించి అతికించే లోహం) అంటదు, లగ్గు వేసినా మళ్లీ వేడెక్కుతుంది. పొడవు చాలకపోతే మల్టీస్ట్రాండ్ (సన్న పోగులు చాలా ఉండే) ఆటో వైరే కలపండి: హెడ్‌లైట్ మెయిన్‌కు 2.5, ఒక్కో బల్బుకు 1.5 చదరపు మిల్లీమీటర్లు. ఇంటి వైరింగులో వాడే ఒంటికడ్డీ వైరు కారు అదురుకు విరుగుతుంది.

తొడుగు 6, 7 మిల్లీమీటర్లే ఒలవండి, ఒక్క పోగూ తెగకూడదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వరకు ఎర్ర లగ్గు, 2.5కు నీలం. మామూలు కటింగ్ ప్లయరుతో నొక్కితే పైకి బిగిసినట్టుంటుంది, లోపల పోగుల మధ్య ఖాళీ మిగులుతుంది. లగ్గును వైరు మీద నొక్కి బిగించే (క్రింప్ చేసే) రాట్చెట్ క్రింపింగ్ టూల్ కొనండి. క్రింప్ చేసే కొసకు ముందుగా సోల్డర్ పూయకండి. అది మెత్తని లోహం, ఒత్తిడికి మెల్లగా జారి పట్టు వదులవుతుంది. నొక్కాక గట్టిగా లాగి చూడండి. కదిలితే కోసి మళ్లీ వేయాల్సిందే.

మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం వద్దు. రోహిణి కార్తె ఎండకు టేపు జిగురు కారిపోతుంది, ఈశాన్య రుతుపవనాల వానకు లోపల నీరు చేరుతుంది. లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకునే గొట్టం) జాయింటుకు అటూ ఇటూ చెరో సెంటీమీటరు దాటేలా తొడిగి, రెండు అంచుల్లో జిగురు పొంగేదాకా వేడి చేయండి.