ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే ముందు ఇవి చూడండి

మా రిపేరు షాపుకి వచ్చేవాళ్లు చాలామంది "మదర్‌బోర్డు పోయిందండీ" అంటూనే లోపలికొస్తారు. అంత టెన్షన్ అక్కర్లేదు. ముందు చార్జర్‌ని వేరే ప్లగ్గులో పెట్టి చూడండి.

అయినా ఉలుకూ పలుకూ లేదా? చార్జర్, పెన్‌డ్రైవ్, మౌస్ అన్నీ పీకేసి, బ్యాటరీ ఊడివచ్చేదైతే అదీ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. ఇప్పుడు చార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి.

ఫ్యాన్ తిరుగుతున్నా స్క్రీన్ నల్లగానే ఉంటే ఫోన్ టార్చి ఏటవాలుగా వేయండి. అక్షరాలు మసగ్గా కనిపిస్తే పోయింది బహుశా బ్యాక్‌లైటే (స్క్రీన్‌కి వెనకనుంచి వెలుగిచ్చే లైటు), మీ ఫైళ్లకేం ఢోకా లేదు. ఏమీ కనిపించకపోతే, చార్జర్ పీకేసి, వెనక మూత విప్పి బ్యాటరీ కనెక్షన్ తీశాక, ర్యామ్ (మెమరీ చిప్పులున్న చిన్న పట్టీ) ఊడదీసి బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి.

బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచిందా, ఇవేవీ వద్దు. చార్జింగూ పెట్టొద్దు. తిన్నగా షాపుకి పట్టుకెళ్లండి.